మంగలి అద్దంలో అచ్చులు

అమస్యాలో నాకు అచ్చులు నేర్పింది
నిజామెత్తిన్ ఉస్తా క్షౌరకత్తి.

ఆపిల్ గిడ్డంగికి శీతలయంత్రం బిగించడానికి
పదకొండు వారాల పనిమీద వెళ్ళాను.
జేబులో ఎర్రట్ట పుస్తకం, ప్రయాణికులకు పనికొచ్చే వాక్యాలు:
ధర ఎంత, స్టేషన్ ఎక్కడ, నా పెట్టె పోయింది.
పోవడానికి నా దగ్గర పెట్టే లేదు,
ఓ సంచీ, పానాల డబ్బా తప్ప.

మొదటి శనివారం నురగ పట్టించి
అనమన్నాడు:
పెదాలు ఉ-కి చుట్టి, లోపల నాలుకతో ఇ.
మూతి ముందుకు సాగింది,
పైపెదవి మీద చర్మం బిగిసింది,
సర్రున ఒక్క గీత.

తర్వాత చుక్కలేని ఇ.
పెదాలు పక్కలకి లాగి
ఉ అందామనుకుని మానేసినట్టు
గొంతులోంచి చిన్న మూలుగు.
బుగ్గలు చదునయ్యాయి. రెండు గీతలు.
ఒ-లో దాక్కున్న ఎ దగ్గరికొచ్చేసరికి
గడ్డం కింద పని కూడా అయిపోయింది.

చుక్క ఉన్నా లేకున్నా ఒకటే కదా అని
ఓ రోజు "విసుగొచ్చింది" అనబోయాను.
కొట్టంతా పగలబడింది.
టీ తెస్తున్న తుంజాయ్ పళ్ళెం కింద పెట్టి మరీ నవ్వాడు.
నేనేమన్నానో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.
వాడికి పన్నెండేళ్ళు. వాడికి తెలుసు.

లేదనడానికక్కడ మాటే అక్కర్లేదు,
కనుబొమలెత్తి ప్చ్ అంటే చాలు.
రొట్టెల కొట్లో ఆవిడ అలా అన్నప్పుడు
నామీద జాలిపడుతోందనుకుని
చాలాసేపు నిలబడ్డాను.

ఇంకో అక్షరముంది, గ నెత్తిన చిన్న దొన్నె.
రాస్తారు, పలకరు.
పక్కనున్న అచ్చు భుజమ్మీద చెయ్యేసి
కాసేపు ఆపుతుంది, అంతే.
మా అరసున్నలాంటిదే అని చెప్పాలనిపించి
అరసున్నను తుర్కీలో ఏమంటారో తెలీక
గాలిలో సగం చందమామ గీశాను.
ఉస్తా తమ జెండా అనుకుని
గుండెమీద చెయ్యి పెట్టుకున్నాడు.

పుస్తకంలో లేనివన్నీ ఆ కుర్చీలోనే వచ్చాయి.
పనిచేసేవాళ్ళ పక్కనుంచి నడుస్తూ
కోలాయ్ గెల్సిన్, సులువుగా సాగాలి.
క్షౌరమయ్యాక అతను, సిహ్హత్లెర్ ఒల్సున్, ఆరోగ్యాలు కలగాలి.
నేను, ఎలినిజె సాలిక్, మీ చేతికి ఆరోగ్యం.
ఇలా ఆరోగ్యాలు ఇచ్చిపుచ్చుకుని
అరచేతుల్లో నిమ్మ అత్తరు రుద్దుకుని
గుమ్మం దగ్గర గ్యూలె గ్యూలె అన్నాను గొప్పగా.
నవ్వుతూ నవ్వుతూ, అని అర్థం.
"అది ఉండిపోయేవాడి మాట," అన్నాడు,
"నువ్వు పోతున్నావు."

పదో వారం కొట్టు మూసి ఉంది.
పక్కన దర్జీ హాజెర్ హానిమ్
నోట్లో గుండుసూదులతోనే చెప్పింది:
సంసున్‌లో తమ్ముడు.
నాకర్థమైన మాటలు రెండే. చాలాయి.

పుస్తకం తిరగేశాను.
నా పెట్టె పోయింది.
అంతవరకే ఉంది పోవడం అందులో.

ఆవిడ సూదులన్నీ ఒక్కొక్కటే తీసి
దిండుకి గుచ్చి, నోరు ఖాళీ చేసుకుని
నాచేత మూడుసార్లు అనిపించింది:
బాషినిజ్ సా ఒల్సున్.
మీ తల క్షేమంగా ఉండాలి.

నాలుగోరోజు తెరిచాడు.
అతని గడ్డం తెల్లగా మొలిచి ఉంది,
కత్తులన్నీ తోమి వరసగా పెడుతున్నాడు.
అన్నాను.
పలకని ఆ అక్షరం దగ్గర నా గొంతు
ఉండాల్సినదానికన్నా ఎక్కువసేపు ఉండిపోయింది.
"సెన్ సా ఒల్," అన్నాడు, నువ్వు బాగుండు.

కుర్చీ దులిపాడు. నేను కూచున్నాక
అద్దంలోంచి నన్నే చూస్తూ
"బాషినిజ్‌లో చుక్క లేదు," అన్నాడు.
"రెండుచోట్లా లేదు. పెదాలు లాగు."
లాగి చూపించాడు.
నేనూ లాగాను.

అద్దంలో రెండు మాసిన ముఖాలు
నవ్వులాంటిదేదో పట్టుకుని
ఒకే మూలుగు మూలుగుతున్నాయి.
తుంజాయ్ రెండు గ్లాసులు పెట్టి
పలక్కుండా వెళ్ళాడు.